మొలుస్తుంది, కానీ తల్లిని పోలదు

(గచ్చిబౌలిలో ఐటీ ఉద్యోగాలు చేస్తున్న రైతుబిడ్డలతో సంఘం జరిపిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో ఎక్కువమంది గద్వాల, నల్లగొండ, వరంగల్, ఖమ్మం, కర్నూలు, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి వచ్చినవాళ్లు. పని మాదాపూర్‌లోనో నానక్‌రాంగూడలోనో, పడక హాస్టల్లో. అయినా మే నెలాఖరు వచ్చేసరికి ఇంటి నుంచి ఫోను వస్తుంది, విత్తనాలకు డబ్బు కావాలని. ఆ డబ్బు ప్రతి ఏడూ ఎందుకు పంపాల్సి వస్తోంది? మీ తాత గాదెలోంచి తీసి విత్తుకున్నాడు కదా, మీ నాయన ఎందుకు దుకాణానికి పోవాలి? ఇవాళ మనం మాట్లాడుకునేది ఇదే.

ఈ మాట ఈ చోట మాట్లాడటానికి ఇంకో కారణం కూడా ఉంది. రాయదుర్గం దగ్గర మీరు రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే కూడలిని బయోడైవర్సిటీ జంక్షన్ అంటారు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందంపై ప్రపంచ దేశాల పదకొండో సదస్సు ఇక్కడి హెచ్.ఐ.సి.సి.లో జరిగింది. ఆ పేరు ఆ రోజులదే. 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం మహాసభ కూడా ఈ నగరంలోనే జరిగింది. దేశంలోని విత్తన కంపెనీలు చాలావాటికి ఆఫీసులు హైదరాబాదులోనే ఉన్నాయి. విత్తనం పండేది నడిగడ్డ ఎర్రటెండలో, దాని ఒప్పందం కాగితం తయారయ్యేది ఏసీ గదిలో. ఆ గదులకు మీరు మాకన్నా దగ్గరగా ఉన్నారు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఊళ్లలో చాలామంది "హైబ్రిడ్ గింజ మళ్లీ మొలవదు" అంటారు. 1998లో అమెరికాలో ఒక పేటెంటు బయటికొచ్చింది, పంటగింజ మొలకెత్తకుండా చేసే పద్ధతి మీద. దాన్ని పత్రికలు టెర్మినేటర్ అన్నాయి. మన దగ్గర పత్తి రైతుల ఆత్మహత్యలు జరుగుతున్న కాలం, సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరం కూడా అదే. భయం గట్టిగా నాటుకుంది. కానీ ఆ పద్ధతి ఏ దేశంలోనూ బజారులోకి రాలేదు. మన 2001 చట్టం అలాంటి రకాలకు రిజిస్ట్రేషనే ఇవ్వకూడదంది. మీ చేలో కాసిన హైబ్రిడ్ పత్తి గింజను నాటి చూడండి, శుభ్రంగా మొలుస్తుంది. చిక్కు మొలకలో లేదు, మొలిచింది తల్లిని పోలకపోవడంలో ఉంది. గింజను చంపే యంత్రం ఎవరికీ అవసరం లేకపోయింది. అనువంశికత సూత్రమే ఆ పని చేసిపెడుతోంది.

ఆ సూత్రం పదో తరగతిలో మీరంతా చదివిందే. మార్కుల కోసం చదివారు గనుక మరిచిపోయి ఉంటారు.

ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో గ్రెగర్ మెండెల్ అనే మతగురువు ఉండేవాడు. రైతు కుటుంబంలో పుట్టినవాడు. 1856 నుంచి ఏడెనిమిదేళ్లు మఠం పెరట్లో బఠాణీ పెంచి, గుండ్రటి గింజ మొక్కను, ముడతల గింజ మొక్కను సంకరం చేశాడు. మొదటి తరంలో అన్నీ గుండ్రటి గింజలే. ముడత పోయిందనుకుంటాం. ఆ మొక్కల్ని వాటంతట వాటినే కాయనిస్తే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతవి వచ్చాయి. దాదాపు మూడింటికి ఒకటి. పోయిందనుకున్నది పోలేదు, దాగి ఉంది. ప్రతి గుణానికీ మొక్కలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు ఆ రెండూ విడిపోయి ఒక్కొక్క దానిలోకి ఒక్కొక్కటే పోతుంది. పైకి కనిపించేదాన్ని బహిర్గత గుణమనీ, దాగేదాన్ని అంతర్గత గుణమనీ మీ పుస్తకంలో రాశారు. 1866లో ఈ పని అచ్చయింది. పట్టించుకున్నవాళ్లు లేరు. ఆయన 1884లో చనిపోతే, 1900లో మరో ముగ్గురు శాస్త్రవేత్తలు వేర్వేరుగా అదే నిజానికి చేరి ఆయన కాగితాన్ని వెతికి తీశారు.

ఇప్పుడు పత్తికి రండి. ప్రపంచంలో వ్యాపారానికొచ్చిన మొదటి పత్తి హైబ్రిడ్ మన దేశానిదే. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4. ప్రభుత్వ పైసలతో వచ్చింది. రెండు వేర్వేరు శుద్ధమైన వరసలను కలిపితే మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి, సత్తువగా ఉంటాయి. కంపెనీ పాకెట్‌లో ఉండేది ఈ మొదటి తరమే. రైతు పొలంలో కాసిన కాయలోని గింజ రెండో తరం. మెండెల్ బఠాణీలో ఒక గుణం విడిపోయినట్టే ఇక్కడ ఎన్నో గుణాలు ఒకేసారి విడిపోతాయి.

మీకు లెక్కలంటే ఇష్టం కనుక ఒక లెక్క. తల్లిదండ్రులు ఒక్క జన్యువులోనే వేరైతే, రెండో తరంలో సగం మొక్కలు పాకెట్ మొక్కలా ఉంటాయి. వేర్వేరుగా విడిపోయే పది జన్యువుల్లో వేరైతే, ఆ పదింటిలోనూ పాకెట్ మొక్కను పోలేది 1,024లో ఒకటి. ఇరవై అయితే పది లక్షలకు ఒకటి. నిజానికి తేడాలు ఇంకా ఎక్కువే ఉంటాయి. అందుకే ఇంటి విత్తనంతో వేసిన హైబ్రిడ్ చేనులో ఒక మొక్క నడుము ఎత్తు, పక్కది మోకాలి ఎత్తు. ఒకటి ముందు పూస్తుంది, ఇంకొకటి ఏరడం అయిపోయాక పూస్తుంది. తల్లిదండ్రుల సగటు మీద హైబ్రిడ్‌కు అదనంగా వచ్చిన సత్తువలో ఇంచుమించు సగం ఆ ఒక్క తరంలోనే పోతుందని సిద్ధాంతం చెబుతుంది. రైతు మూర్ఖుడై ఇంటి విత్తనం మానలేదు. ఈ లెక్కను చేలో చూసి మానాడు.

ఇదే లెక్కను ఇంకా ముందుకు నడపండి. తనంతట తాను ఫలదీకరణ చేసుకునే మొక్కలో, తరానికి సగం చొప్పున ఈ జంట తేడాలు తగ్గుతూ పోతాయి. వంద, యాభై, ఇరవై ఐదు... ఆరు తరాలకు నూటికి ఒకటిన్నర మిగులుతుంది. అప్పుడది సూటి రకం. దాని బిడ్డ దాన్నే పోలుతుంది. మీరు రోజూ తినే సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇలా వచ్చిందే. 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. దాదాపు నలభై ఏళ్లుగా రైతులు దాన్ని ఇంట్లో దాచుకుంటున్నారు, పక్కింటికి బదులిస్తున్నారు, ఏ కంపెనీ అనుమతీ అడగలేదు. బెరుకులు ఏరుకుని, మూడు నాలుగేళ్లకోసారి మంచి విత్తనం తెచ్చుకుంటే చాలు.

సాంబ మసూరికి ఒక రోగం ఉండేది, బాక్టీరియా ఎండాకు తెగులు. దాన్ని ఎలా తప్పించారో కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇది ఈ నగరంలోనే జరిగింది, మెండెల్ సూత్రం రైతు పక్షాన పనిచేసిన ఉదాహరణ ఇది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, హబ్సిగూడలోని సీసీఎంబీ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, అది బహిర్గతం. ఒక్క ప్రతి ఉన్నా మొక్క తెగులును తట్టుకుంటుంది. మిగతా రెండూ అంతర్గతాలు. వాటివి రెండేసి ప్రతులూ ఉంటేనే పనిచేస్తాయి. ఒక్క ప్రతి ఉన్న మొక్కకు ఆ జన్యువు వల్ల రక్షణ కనిపించదు. పైగా బహిర్గత జన్యువు ఇచ్చే రక్షణ చాటున మిగతా రెండూ ఉన్నాయో లేవో కంటికి తెలియదు. కంటితో చూసి ఏరేవాడైతే మంచి మొక్కను పీకి పారేస్తాడు. అందుకని ఆకు ముక్క తీసి డీఎన్ఏ గుర్తుల సాయంతో ఏ మొక్కలో ఏముందో చదివి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేసి, వంట రుచి, గింజ సన్నదనం పోకుండా ఆ మూడింటిని స్థిరపరిచారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదల చేశారు. బయటి జీవి జన్యువును ప్రయోగశాలలో చొప్పించింది కాదు, అంతా సంకరమే. విత్తనం దాచుకోవచ్చు. కొత్త శాస్త్రం అంటేనే కంపెనీ అనుకునేవాళ్లకు, కొత్త శాస్త్రమే వద్దనేవాళ్లకు, ఇద్దరికీ మేం ఈ వరిని చూపిస్తాం.

ఇక బీటీ పత్తి. 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మన దేశంలో దాన్ని దాదాపు పూర్తిగా హైబ్రిడ్లలోనే అమ్మారు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో సూటి రకాల్లో వచ్చింది. అక్కడ రైతు విత్తనం దాచుకోకుండా ఆపడానికి కంపెనీలకు పేటెంట్లు, కోర్టులు కావాలి. ఇక్కడ రెండో తరమే కాపలా కాస్తుంది. మొదట్లో 450 గ్రాముల పాకెట్ 1,600 రూపాయలు దాటింది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లాక, 2006లో 750కి దిగింది. రైతు సంఘాలు అడిగితే వచ్చిన దిగుబడి అది.

ధర ఒక్కటే కాదు, గులాబీ రంగు పురుగు కథలోనూ ఈ హైబ్రిడ్ సంగతి ఉంది. ఇది చాలామందికి తెలియదు. బీటీ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరిలోనే ఉందనుకోండి. పాకెట్ గింజతో వచ్చిన మొక్కకు ఒక్క ప్రతి ఉంటుంది, ఆకులో కాయ పెంకులో విషం తయారవుతుంది. కానీ కాయ లోపలి గింజలు మొక్క కావు, దాని పిల్లలు. అంటే రెండో తరం. అక్కడ మళ్లీ మూడుకు ఒకటి. సగటున నాలుగు గింజల్లో ఒకదానిలో బీటీ జన్యువే ఉండదు. గులాబీ రంగు పురుగు బతికేదేమో కాయ లోపల గింజలు తిని. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ పక్కపక్కన దొరుకుతాయి. సగం తట్టుకునే పురుగుకు బతికే దారి దొరుకుతుంది. రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2లో ఈ లెక్క మారుతుంది కానీ ఆగదు. సూటి రకంలో రెండు ప్రతులూ ఉంటే అన్ని గింజల్లోనూ విషం ఉంటుంది.

పురుగులోనూ ఇదే సూత్రం నడుస్తుంది. బీటీని తట్టుకునే గుణం పురుగులో చాలావరకు అంతర్గతం. రెండు ప్రతులున్న పురుగే బతుకుతుంది. అందుకనే బీటీ చుట్టూ నాన్ బీటీ వరసలు వేయమన్నారు. అక్కడ పుట్టిన మామూలు రెక్కల పురుగులు, బతికి బయటపడ్డ పురుగులతో జతకూడితే, పిల్లలకు ఒక్క ప్రతే వస్తుంది, అవి బీటీ తిని చస్తాయి. ఆ 120 గ్రాముల నాన్ బీటీ పాకెట్ అందుకు. దాన్ని ఎవరూ వేయలేదని రైతును తిట్టినవాళ్లున్నారు. మూడెకరాల కౌలు రైతుకు ఇది ఎందుకో ఎవరైనా విడమర్చి చెప్పారా? పురుగు తినే వరసలు వేస్తే పోయే దిగుబడికి ఎవరైనా డబ్బు కట్టారా? 2010 నాటికి గుజరాత్‌లో మొదటి బీటీని గులాబీ రంగు పురుగు తట్టుకుంది. 2014 తర్వాత బోల్‌గార్డ్-2 కూడా అక్కడ విఫలమైంది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ చేలన్నీ చూశాం.

చైనాలో మరోలా జరిగింది. యాంగ్జీ నది లోయలో రైతులు బీటీ, నాన్ బీటీలను కలిపిన సంకరం రెండో తరం విత్తనం వేశారు. అంటే నాలుగింట ఒక మొక్కే నాన్ బీటీ. అది వాళ్లకు ఆశ్రయ పంటలా పనిచేసి పురుగులో తట్టుకునే గుణం తగ్గిందని 2017లో శాస్త్రవేత్తలు రాశారు. అమెరికా బీటీతో పాటు సంతానం కలగని రెక్కల పురుగులను వదిలి, 2018లో తన పత్తి నుంచి ఆ పురుగును నిర్మూలించామని ప్రకటించింది. ఒకే జన్యువు, మూడు దేశాలు, మూడు ఫలితాలు. తేడా జన్యువులో లేదు, దాన్ని ఏ రూపంలో ఎవరి అదుపులో పెట్టారన్నదానిలో ఉంది. మన ప్రభుత్వ రంగం 2009లో బికనేరి నర్మ అనే సూటి రకంలో బీటీ తెచ్చింది. అందులో ఉన్నది కంపెనీ జన్యువేనని తేలి ఆపేశారు. అది మన సంస్థల అజాగ్రత్త. దాన్ని దాచిపెట్టే పని మాకు లేదు. కానీ ఆ తర్వాత పట్టుదలగా మళ్లీ ప్రయత్నించాల్సింది.

చట్టం సంగతి. 2001 మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు వేసి అమ్మకూడదు, అంతే. ఇలాంటి హక్కు చాలా దేశాల్లో లేదు. 2019లో గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద ఒక బహుళజాతి కంపెనీ కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం కోరుతూ కేసు వేసి, దేశమంతా గోల చేశాక వెనక్కి తీసుకుంది. అయితే చట్టం ఇచ్చిన హక్కును హైబ్రిడ్ పొలంలో ఖాళీ చేస్తుంది. దాచుకునే హక్కు ఉంది, దాచుకోదగ్గ విత్తనం లేదు. పత్తి, మొక్కజొన్న, ఆముదం, కూరగాయల్లో ఇప్పుడు ఇదే స్థితి. 1966 విత్తన చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని 2004 నుంచి ముసాయిదాలు వస్తున్నాయి. 2019లో ఒకటి, 2025లో ఒకటి. వాటిలో జరిమానాల మీద చర్చ జరుగుతోంది. సూటి రకాలకు ప్రభుత్వం ఎంత డబ్బు పెడుతుంది, హైబ్రిడ్ల తల్లిదండ్రుల వరసలు ప్రభుత్వ సంస్థల్లో ఎన్ని ఉంటాయి, రైతుల సంఘాలే హైబ్రిడ్ తయారుచేసుకోవడానికి వాటిని ఇస్తారా అన్న ప్రశ్నలు వినపడటం లేదు. మేం ఆ ప్రశ్నలే అడుగుతున్నాం.

చివరిగా నడిగడ్డ విత్తన రైతు గురించి. గద్వాల, అలంపూర్ వైపు నుంచి వచ్చినవాళ్లకు క్రాసింగ్ పని తెలుసు. ఆడ మొక్క మొగ్గలోని పుప్పొడి భాగాన్ని సాయంత్రం తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి రాస్తారు. రెండు నెలల పైన రోజూ ఇదే. ఈ పనిలో బడి మానిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు ఎంతమంది నలిగారో మీకు మేం చెప్పక్కర్లేదు. మీలో కొందరి అక్కలు వాళ్లలో ఉండి ఉంటారు.

పంట అప్పజెప్పాక డబ్బు వెంటనే రాదు. జీఓటీ కావాలంటారు, గ్రో అవుట్ టెస్ట్. లాట్‌లోంచి కొన్ని గింజలు తీసి నాటి, మొక్కలన్నీ హైబ్రిడ్‌లా ఉన్నాయో లేదో చూస్తారు. బెరుకులు హద్దు దాటితే ఫెయిల్. ఆర్గనైజర్ వచ్చి "మీ లాట్ పోయింది" అంటాడు. ఏ కాగితమూ చూపడు. ఇక్కడ మెండెల్ రైతుకు పనికొస్తాడు. మొగ్గ సరిగా తీయకపోతే ఆడ మొక్క తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ఆ గింజ మొక్క అచ్చం ఆడ వరసలా ఉంటుంది. అది క్రాసింగ్ లోపం. కానీ బెరుకులు ఆడ వరసనూ పోలక, హైబ్రిడ్‌నూ పోలక ఉంటే, కంపెనీ ఇచ్చిన మూల విత్తనంలోనే కల్తీ ఉండాలి, లేదా పక్క చేను పుప్పొడి వచ్చి ఉండాలి. మూల విత్తనం కంపెనీది. ఏ చేను పక్కన ఏ ప్లాటు ఇవ్వాలో నిర్ణయించేది ఆర్గనైజర్. అప్పుడు నష్టం రైతు మీద ఎందుకు పడాలి? డీఎన్ఏ పరీక్ష ఈ తేడాను కొన్ని రోజుల్లో చెబుతుంది. ఆడ వరస గుర్తు ఒక్కటే ఉందా, రెండూ ఉన్నాయా, మూడోది ఏదైనా ఉందా అని. రాజేంద్రనగర్‌లో ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉంది. అందుకని మా డిమాండ్లు: ఫెయిల్ అని ఒక్క మాట కాదు, ఏ రకం బెరుకులు ఎన్ని వచ్చాయో నివేదికలో రాయాలి. నమూనా రైతు ముందే తీసి మూడు భాగాలు చేసి, ఒకటి రైతు దగ్గర సీలు వేసి ఉంచాలి. తగాదా వస్తే పరీక్ష ప్రభుత్వ కేంద్రంలో జరగాలి. మూల విత్తనం లాట్ నంబరు ఒప్పందంలో ఉండాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి, ఒక ప్రతి రైతుకివ్వాలి.

మీ నుంచి మాకు కావలసింది చిన్న పనే. ఈ వానకాలం ఇంటికి పోయినప్పుడు విత్తనం పాకెట్‌ను రెండు వైపులా ఫొటో తీయండి, లాట్ నంబరు కనబడాలి. బిల్లు తీసుకోమని నాయనకు చెప్పండి, పాకెట్‌లో గుప్పెడు గింజలు మిగిల్చి దాచమనండి. రకం చెప్పినట్టు పండకపోతే, అదే 2001 చట్టం కింద ప్రాధికార సంస్థ ముందు పరిహారం అడగవచ్చు, ఆధారం ఉంటే. ఇంట్లో విత్తన ఒప్పందం కాగితం ఉంటే దాన్నీ ఫొటో తీసి పంపండి, పేర్లు బయటపెట్టం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. గద్వాల నుంచి వచ్చినవాళ్లు ముందు మాట్లాడితే బాగుంటుంది.